పగలని అద్దాలు

మొదట నా చేతిలో ఉన్నవి రెండు వందల పద్నాలుగు అభిప్రాయాలు. వాటిలో నూట ఎనభై ఏడు ‘బాగుంది’ అన్నవి, అంటే నూటికి ఎనభై ఏడు. మిగిలిన ఇరవై ఏడింటిలో పదకొండు పార్కింగు గురించి, తొమ్మిది ఇంట్లోకి ఎండ రాదని, ఏడు ఊరికే కోపం. కొత్త కట్టడాల గురించి జనం ఏమనుకుంటున్నారో సేకరించి ఇచ్చే ఈ చిన్న వ్యాపారం నా అంతట నేను మొదలుపెట్టుకున్నది. ఇంత మంచి అంకె నాకు ఎప్పుడూ రాలేదు. అయినా నివేదిక పంపడానికి చెయ్యి రావడం లేదు. ఏదో భయం. అందుకే శనివారం సాయంత్రం జకరయ్య మాస్టారింటికి వెళ్లాను.

మాస్టారు పాలిటెక్నిక్‌లో సివిల్ పాఠాలు చెప్పి రిటైరయ్యారు. నాలాంటి పాత విద్యార్థులు ఇప్పటికీ ఏదో ఒక ప్రశ్న పట్టుకుని ఆయన దగ్గరికి వెళుతుంటారు. కూర్చుని జవాబు చెప్పడం ఆయనకు అలవాటు లేదు. ప్రశ్న పూర్తిగా వింటారు, లేచి చెప్పులు వేసుకుంటారు. ఆ తర్వాత ఆయన వెనక నడవాలి.

“సార్, నూటికి ఎనభై ఏడు మంది బాగుందన్న భవనం గురించి ఇంకా భయపడటం తెలివితక్కువతనమేనా?” అని అడిగాను.

“ఎక్కడ కడుతున్నారు?”

చెప్పాను. ఆయన లేచి చెప్పులు వేసుకున్నారు.

విజయవాడ వన్ టౌన్‌లో, బట్టల మార్కెట్టు వెనక, పాత సినిమా హాలు పడగొట్టిన స్థలం అది. పదహారు అంతస్తులు, కింద రెండు సెల్లార్లు, ముందువైపంతా నీలం అద్దాలు. చుట్టూ ఉన్నవన్నీ రెండంతస్తులకు మించని ఇళ్లు. ఆ ఎత్తు గురించి, ఆ అద్దాల సొగసు గురించి వీధి ఏమంటుందో తెలుసుకోమని బిల్డరు నాకు పని అప్పగించాడు. తన కంపెనీ పేరు కుట్టిన తెల్ల టోపీ ఒకటి ఇచ్చాడు, అప్పట్నుంచీ అది నా తల మీదే. అభిప్రాయం చెప్పినవాళ్లకు పంచమని మూతలున్న స్టీలు డబ్బాలు ఇచ్చాడు. మొదటి సెల్లారు తవ్వకం అయిపోయింది. చుట్టుపక్కలవాళ్ల వల్ల ఇబ్బంది లేదని నా నివేదిక సోమవారం చేతికందితే, మంగళవారం ఇంకా లోతుకు దిగుతాడు.

నాకు ధైర్యం ఇచ్చే సంగతి కూడా ఒకటి ఉంది. దారిలో దాన్నే మాస్టారికి చెప్పాను. గుంటను ఆనుకుని ఆరు పాత ఇళ్లున్నాయి. తవ్వకం మొదలైన కొత్తలో ఆరింటి గోడల్లోనూ సన్నని బీటలు కనిపించాయి. సైటు సూపర్‌వైజరు వచ్చి ఒక్కో బీటకు అడ్డంగా గాజు పట్టీ పెట్టి, రెండు చివరలా సిమెంటుతో అతికించి వెళ్లాడు. గాజు సాగదు, వంగదు. బీట ఏమాత్రం విచ్చుకున్నా ఠక్కున పగులుతుంది. అది పగలనంత కాలం గోడ కదలనట్టే. ఈ పాఠం క్లాసులో మాస్టారు చెప్పిందే.

“అభిప్రాయాలకు వెళ్లినప్పుడు చూశాను సార్. ఆరుకు ఆరూ నిక్షేపంగా ఉన్నాయి.”

“దగ్గరికెళ్లి చూశావా?”

“గుమ్మంలోంచే కనబడతాయి సార్.”

ఆయన నడక వేగం పెంచారు.

సైటు చుట్టూ రేకులు కట్టారు. లోపల పంపులు ఆడుతున్నాయి. కృష్ణ ఎంతో దూరం లేదు, అక్కడ ఏ గుంట తవ్వినా నీళ్లు ఊరతాయి. వాటిని తోడి వీధి కాలవలోకి వదులుతున్నారు. మాస్టారు పైపు దగ్గర వంగి దోసిలి పట్టారు. నీళ్లు జారిపోయాక అరచేతిలో మిగిలిందాన్ని బొటనవేలితో రుద్ది నాకు చూపించారు. సన్నని ఇసుక.

“నీళ్లొక్కటే రావాలి. ఇదెక్కడిదంటావ్?”

రేకుల సందులోంచి గుంటలోకి చూశాను. తర్వాత దాని అంచున వరసగా నిలబడి ఉన్న ఆరు ఇళ్ల వైపు చూశాను. జవాబు ఆ ఇళ్ల పునాదుల కిందే ఉంది.

మొదటి ఇంట్లో కింద బట్టల గోడౌను, తాళం వేసి ఉంది; మేడ మీద నాంచారమ్మ అనే ఆవిడ అద్దెకుంటుంది. మార్కెట్టు షాపుల వాళ్ల చీరలకు ఫాల్స్ కుడుతుంది. మెట్లెక్కుతూ గోడ పట్టుకున్నాను. పంపుల అదురు అరచేతికి తెలిసింది, జ్వరంతో వణికే మనిషి ఒంటిని తాకినట్టు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని కుడుతోంది. దూలానికి కట్టిన చీర ఉయ్యాలలో నెల నిండని పసిబిడ్డ నిద్రపోతోంది. పురిటికి వచ్చిన కూతురు భ్రమరాంబ ఉయ్యాల ఊపుతోంది. నన్ను చూడగానే నాంచారమ్మ చీర పక్కన పెట్టి లేచి నిలబడింది.

“రండి బాబూ. మొన్న రాసుకున్నారుగా, మళ్లీనా? బాగుందనే రాసుకోండి. ఇంకో డబ్బా మాత్రం వద్దు, పెట్టుకోవడానికి చోటు లేదు.”

“అబ్బే, ఊరికే చూసి పోదామని వచ్చామమ్మా,” అని, గోడ చూపించి మాస్టారితో అన్నాను, “చూశారా సార్, చెక్కు చెదరలేదు.”

మాస్టారు గోడ దగ్గరికి వెళ్లారు. అప్పుడు నేనూ వెళ్లాను. ఆ ఇంట్లో ప్రతి వస్తువు మీదా, చివరికి దేవుడి పటాల మీద కూడా, తవ్వకం దుమ్ము సన్నగా పేరుకుని ఉంది. గాజు మాత్రం కడిగిన గ్లాసులా మెరుస్తోంది. దాని కింద బీటలో నా చిటికెన వేలి గోరు దూరింది. పగలని గాజు కింద అంత బీట ఉండటానికి వీల్లేదు.

“ఈ అద్దం ఏ షాపులో కోయించారమ్మా?” అని మాస్టారు మెల్లగా అడిగారు.

నాంచారమ్మ ముఖం పాలిపోయింది. “నేను పగలగొట్టలేదు సారూ. పసిబిడ్డ మీద ఒట్టు.”

“మీరు పగలగొట్టారని ఎవరన్నారు?”

“చెప్పెయ్యమ్మా, ఇంకెన్నాళ్లు దాస్తావ్?” అంది భ్రమరాంబ. “అద్దం కోసిచ్చే పటాల ఫ్రేముల షాపాయన కూడా అడిగాడంట సార్, ‘వారానికో కొత్త దేవుడు దిగుతున్నాడా మీ ఇంటికి?’ అని.” నవ్వబోయి, మా ముఖాలు చూసి ఆగిపోయింది.

“అద్దం అతికించినాయన వెళ్తూ వెళ్తూ ఒక మాటన్నాడు సారూ,” అని నాంచారమ్మ మొదలుపెట్టింది. “‘ఇది పగిలిందంటే మాత్రం మీ ఓనరుకు చెప్పాల్సొస్తుంది’ అన్నాడు. ఓనరు వింటే ఊరుకుంటాడా? సామాను బయట పెట్టేస్తాడు. అప్పుడు ఇది నిండు చూలాలు, ఇప్పుడు బాలింత. దీన్ని వెంటేసుకుని ఎక్కడికి పోతాం? ఎవరి చెయ్యీ తగలకుండా మంచం కూడా ఇవతలికి లాగేశాను. అయినా పగిలింది. మొదటిసారి పిల్లి దూకిందనుకున్నాను. పిల్లిని రానివ్వడం మానేశాక కూడా పగిలింది. అచ్చం అలాంటిదే కోయించుకొచ్చి, సైటు కూలీలను బతిమాలి గుప్పెడు సిమెంటు తెచ్చి పెట్టాను.”

“పగిలిన ముక్కలు పారేశారా?”

ఆవిడ మంచం కిందికి వంగి ఒక డబ్బా తీసింది. మూత మీద బిల్డరు కంపెనీ పేరు. నేనిచ్చిందే. మూత తీస్తే లోపలంతా గాజు పెంకులు. పసిబిడ్డ ఉన్న ఇంట్లో కాలికి గుచ్చుకుంటాయని వాటన్నిటినీ జాగ్రత్తగా ఏరి దాచిందట.

“ఎన్నెన్ని రోజులకు పగిలాయి?” అని అడిగింది నేనే. అడగకుండా ఉండాల్సింది.

మొదటిది నెల రోజులు ఆగింది. రెండోది రెండు వారాలు. మూడోది వారం. నాలుగోది మూడు రోజులో నాలుగు రోజులో ఆవిడకు సరిగా గుర్తు లేదు. నాలుగు అంకెలిస్తే ఐదోది చెప్పడం నాకు ఎప్పుడూ కష్టం కాదు. లెక్క నన్ను అడక్కుండానే తలలో సాగిపోయింది. ఆగమన్నా ఆగలేదు.

“ఇప్పుడున్నది ఎప్పుడు పెట్టారు?” అన్నారు మాస్టారు.

“నిన్న పొద్దున.”

ఆయన ఫోన్ లైటు వెలిగించి గాజు మీదికి పక్కనుంచి పట్టారు. కింది అంచు నుంచి పైదాకా వెంట్రుకంత గీత మెరిసింది. నాంచారమ్మ దాన్ని ఇంకా చూడలేదు. మా వెనకనుంచి తొంగి, అప్పుడు చూసింది. ఉయ్యాల కట్టిన దూలం వెంట నా చూపు మెల్లగా జరిగింది. దాని రెండో కొన ఆ గోడ మీదే ఆనుకుని ఉంది.

“మరి నేనడిగినప్పుడు బాగుందన్నారు కదమ్మా?” అన్నాను.

“మీరు బొమ్మ చూపించి బాగుందా అన్నారు బాబూ. బొమ్మ బాగానే ఉంది, అద్దాల మేడ, కింద చెట్లూ అవీ. కంపెనీ మనిషి గుమ్మంలో నిలబడి అడిగితే ఇంకేమంటాం?”

మాస్టారు తిరిగి భ్రమరాంబతో అన్నారు, “బిడ్డను తీసుకోమ్మా. కట్టుబట్టలతో దిగండి. మా ఇల్లు నాలుగు వీధుల అవతలే, మా ఆవిడ ఉంది.”

“షాపు వాళ్ల చీరలున్నాయి సారూ, రేపు ఇచ్చెయ్యాలి—”

“చీరలు నేను తెస్తాను,” అన్నాను.

భ్రమరాంబ ఉయ్యాలలోంచి బిడ్డను ఎత్తుకుంది. బరువు పోయిన చీర కాసేపు ఊగింది. దూలం నుంచి పిసరంత సున్నం రాలింది. మెట్ల మీద ఒకరి వెనక ఒకరం, అడుగు వినబడకుండా దిగాం, నిద్రపోతున్న దాన్నేదో లేపకూడదన్నట్టు. నాంచారమ్మ మాత్రం మధ్యలో ఆగి, “ఓనరు గారికి ఏం చెప్పాలి?” అని గుసగుసగా అడిగింది. “నేను చెబుతాను,” అన్నారు మాస్టారు.

వీధిలోకి వచ్చాక బిల్డరుకు ఫోన్ చేశాను. నేను నోరు తెరిచేలోగా, “ఏమయ్యా, ఎంత తేలింది?” అన్నాడు.

“నూటికి ఎనభై ఏడండీ, కానీ—”

“భేష్! మిగతాది సోమవారం,” అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

తల్లీ కూతుళ్లు బిడ్డతో ఆటో ఎక్కారు. మాస్టారు డ్రైవరుకు ఇంటి గుర్తులు చెప్పి పంపించి, సైటు గేటు వైపు చూశారు.

“పంపులు ఆపించే పని నేను చూస్తాను. గుంట నీళ్లతో నిండితే నిండనీ, ఇప్పటికి ఆ నీళ్లే ఈ గోడలకు ఆసరా. నీకు ఇంకా ఐదు ఇళ్లున్నాయి.”

“ఆ ఐదింట్లోనూ అద్దాలు పగల్లేదు సార్,” అన్నాను అలవాటుగా. అన్న మాట నా చెవినే పడ్డాక, వాటినీ గుమ్మంలోంచే చూశానని గుర్తొచ్చింది.

చీరల మూట భుజాన వేసుకుని రెండో ఇంటి అరుగెక్కాను. తలుపు మూసి ఉంది. లోపల కుక్కరు కూస్తోంది, ఎవరో పిల్లలు అంత్యాక్షరి ఆడుకుంటున్నారు, పెద్దావిడ ఎవరో గోల చెయ్యొద్దని కసురుతోంది. బాగుందా అని అడగకూడదు. మరేమని అడగాలి? మాట కూడదీసుకుని తలుపు కొట్టడానికి చెయ్యి ఎత్తాను.

వెనకనుంచి మాస్టారు పిలిచారు.

“గోవర్ధనం, ముందు ఆ టోపీ తియ్యి.”