మూడు వేళ్ల తేడా

ఫణీంద్ర ఆ విమానం మీద మనసైతే పారేసుకున్నాడు గానీ, కొనాలో వద్దో తేల్చుకోలేకపోయాడు. కొయ్యతో, గుడ్డతో ఒక మనిషి ఇంటి దగ్గరే కట్టుకున్న రెండు సీట్ల చిన్న విమానం అది. అలాంటిది ఇంకొకటి లేదు. డ్రాయింగులూ లేవు. కట్టినాయన నేల మీద సుద్దముక్కతో గీసుకుని, పని కాగానే తుడిచేసేవాడట. ఆయన పోయి ఆరేళ్లయింది.

అందుకని ఫణీంద్ర తనకు పని నేర్పిన కరీముల్లా ఉస్తాద్‌ను కందుకూరు దగ్గరున్న ఆ ఊరికి వెంటబెట్టుకొచ్చాడు. ఉస్తాద్ ఒక ఫ్లయింగ్ క్లబ్బులో నలభై ఏళ్లు మెకానిక్‌గా చేసిన మనిషి.

విమానం పొగాకు ఆరబెట్టే పాత బ్యారన్‌లో ఉంది. కట్టినాయన భార్య సీతారత్నమ్మ తాళం తీసింది.

"రేపు ఒక హోటలాయన వస్తానన్నాడు బాబూ. గేటు మీద వేలాడదీస్తాడట. మీ సాయిబుగారు ఇది మళ్లీ ఎగురుతుందంటే మాత్రం నీకే ఇస్తాను," అంది.

ఫణీంద్ర విమానంలోకి దూరి, పది నిమిషాల్లో బయటికొచ్చాడు.

"గుడ్డంతా మార్చాలి ఉస్తాద్. తోక దగ్గర చెద పట్టింది. అన్నిటికన్నా విడ్డూరం, కాలితో తొక్కే పెడళ్లు సమంగా లేవు. ఎడమది సీటుకు మూడు వేళ్లు దగ్గరగా ఉంది. పెద్దాయన కొలత తప్పాడు. ముందు దాని సంగతి చూస్తాను."

ఉస్తాద్ వంగి పెడళ్లు చూశారు. సీతారత్నమ్మ వైపు తిరిగారు.

"అమ్మా, వారి చెప్పులు ఉన్నాయా?"

ఆమె వింతగా చూసి, ఇంట్లోకి వెళ్లి తెచ్చింది. ఎడమ చెప్పు అడుగు కుడిదానికన్నా మూడు వేళ్లు మందం. ఉస్తాద్ దాన్ని ఫణీంద్ర చేతికిచ్చారు.

ఫణీంద్ర దాన్ని అటూ ఇటూ తిప్పాడు. పెడల్ వైపు చూశాడు. మళ్లీ చెప్పు వైపు చూశాడు.

"ఆయన ఎడమకాలు పొట్టిదన్నమాట. కానీ ఇది వేసుకుంటే కాళ్లు సమానమైపోతాయి కదమ్మా. మరి పెడల్ దగ్గరగా ఎందుకు పెట్టుకున్నట్టు?"

సీతారత్నమ్మ నవ్వింది. "చెప్పులతో ఎక్కేవారు కాదు బాబూ. రెక్క కింద విప్పేసి ఎక్కేవారు. పాదానికి తగిలితేనే విమానం చెప్పేది తెలుస్తుందనేవారు. ఇంతమంది వచ్చి చూశారు, ఇది అడిగినవాళ్లు లేరు."

ఫణీంద్రకు ఉత్సాహం వచ్చింది. "అతుకులకు ఏ జిగురు వాడారమ్మా? ఇన్నేళ్లయినా ఒక్కటీ ఊడలేదు."

"బజారుది కాదు. నేనే కలిపిచ్చేదాన్ని. వెన్న తీసిన పాలు విరగ్గొట్టి, గుడ్డలో పిండి, దాంట్లో సున్నం వేసి..." గాలిలో గరిటె తిప్పుతున్న ఆమె చెయ్యి ఆగిపోయింది. "ఇంకొకటి కూడా వేసేదాన్ని. నాలిక చివరే ఆడుతోంది. పోయిన నెల దాకా గుర్తుంది. ఈమధ్య ఇట్లాగే ఒక్కొక్కటీ జారిపోతున్నాయి."

"పర్లేదమ్మా, నేనే చూసుకుంటాను," అంటూ ఫణీంద్ర స్క్రూడ్రైవర్ తీసి, రెక్క కింద మూత విప్పబోయాడు.

ఉస్తాద్ ఆ స్క్రూడ్రైవర్ లాక్కుని, తన జేబులోని పెన్ను అతని చేతిలో పెట్టారు. మూలనున్న గోనెపట్టా తెచ్చి సీతారత్నమ్మ ఎదురుగా పరిచారు.

"కూర్చుని రాసుకో బేటా," అన్నారు. "విమానం రేపటిదాకా ఎక్కడికీ పోదు."