మునసబుగారి గరిక

ఊళ్లో తగువులు తీర్చేది మునసబు జగ్గరాజే గాని, పక్కింటి గవరమ్మ పెరడు చూస్తే ఆయన కడుపు రగిలిపోయేది. తన పెరట్లో గరిక మెట్ల దాకా పాకింది. ఆమె మడిలో తోటకూర కళకళలాడుతోంది. చివరికి తన గుమ్మడి తీగ కూడా దడి దాటి ఆమె పాక మీదే కాసింది.

ఆ కాయలు ఆమె వండుకోవడం ఓర్వలేక అందరి ముందూ తీర్పు చెప్పేశాడు.

"వేరు ఎవరి పెరట్లో ఉంటే, తీగ ఎంత దూరం పాకినా వాళ్ల సొత్తే. ఇంకొకళ్లు ముట్టుకుంటే దొంగతనమే."

గవరమ్మ కాయలన్నీ మోసుకొచ్చి ఇచ్చింది. వానలు పడ్డాక మళ్లీ వచ్చి ఊరందరి ముందు నిలబడింది.

"అయ్యా, మీ గరిక దడి కింద నుంచి నా మడిలోకి పాకింది. వేరు మీ పెరట్లోనే ఉంది. నేను పీకితే దొంగనవుతాను. మీ సొత్తు మీరే తీసుకుపోండి."

తీర్పు మార్చుకుంటే గుమ్మడికాయలు తిరిగిచ్చేయాలి. అవి ఆమె పొయ్యి మీద ఉడకడం తలుచుకుంటేనే ఒళ్లు మండి, జగ్గరాజు పంచె ఎగ్గట్టి మడిలోకి దిగాడు.

సాయంత్రానికి నడుం పట్టేసింది. తన చేత్తో బాగుచేసిన మడి నిగనిగలాడుతుంటే ఇంకా కుళ్లుకున్నాడు.

అరుగు మీద నుంచి గవరమ్మ అంది. "నిదానంగా లాగండి మునసబుగారూ. ఒక్క కణుపు మిగిలినా మీ సొత్తు మళ్లీ మొలుస్తుంది, నేనేమో ముట్టుకోకూడదాయె."