నేల పలకని అడుగులు

కృష్ణ ఒడ్డున పెదలంక అనే ఊళ్లో కుముదిని అనే అమ్మాయి నాట్యంలో తోటివాళ్లందరినీ మించి ఉండేది గాని, చూసేవాళ్లు లేకపోతే కాలు కదిపేది కాదు. నలుగురు చేరితే చాలు, ఎక్కడలేని హుషారూ వచ్చేది. పేరంటానికి వెళ్లినా అడక్కుండానే ఆడి చూపించేది. ఒంటరిగా సాధన చెయ్యమంటే మాత్రం ఒళ్లు బరువెక్కేది.

ఆమె గురువు సుదర్శనం మాస్టారు ఒక కట్టడి పెట్టారు. రోజూ శిష్యులు వంతులవారీగా అభ్యాసం గదిలోకి వెళ్లి, తలుపు గడియ వేసుకుని, గంటసేపు ఒంటరిగా సాధన చెయ్యాలి. ముందు నేలకు దణ్ణం, తర్వాత ఊపిరి మీద ధ్యాస, ఆ తర్వాతే అడుగులు.

"ఇదీ యోగమేనమ్మా," అనేవారు మాస్టారు. "చూపు, ఊపిరి, అడుగు ఒక్కచోట కలవాలి. కలిపి వదిలేస్తే మళ్లీ విడిపోతాయి. అందుకే రోజూ కలుపుకోవాలి."

తెల్లవారుజామున మొదటి వంతు కుముదినిది. ఆమె గడియ వేసుకుని, చాప మీద హాయిగా పడుకుని, గజ్జెలు చేత్తో పట్టుకుని ఆడించేది. బయట మొక్కలకు నీళ్లు పోస్తున్న మాస్టారికి వినపడాలని మధ్యమధ్య వేగం పెంచేది కూడా. పడుకుని తాళం తప్పకుండా గజ్జెలు మోగించడం అందరికీ చేతనయ్యే పని కాదు. ఆ విద్యలో మాత్రం ఆమెకు రోజూ సాధన ఉండేది.

దసరాకు కుముదిని రంగప్రవేశం నిశ్చయమైంది. ఆరేళ్ల వయసు నుంచి ఆమె కలలు కన్న రోజది. ఇంకా నెల రోజులుందనగా ఒకనాటి ఉదయం, విసుగెత్తి, "చూడ్డానికి ఒక్కరైనా ఉంటే ఎంత బాగుండేది" అని పైకే అనుకుంది.

"నేను చూస్తాలే. ఆడు," అన్నారెవరో.

గది మూల ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. కట్టుకున్న తెల్లచీర తడిసినట్టుగా ఒంటికి అంటుకుని ఉంది. తలుపు గడియ వేసినట్టే ఉంది. మాస్టారి చుట్టమేమో, తనకంటే ముందే వచ్చి కూర్చుందేమో అని కుముదిని సరిపెట్టుకుంది. చూసే మనిషి దొరికిందన్న సంబరంలో అంతకుమించి ఆలోచించలేదు. గజ్జెలు కాళ్లకు కట్టుకుని గంటసేపు ఆడింది. ముసలమ్మ ఒక్కసారైనా రెప్ప వెయ్యలేదు. చివర చప్పట్లు కొట్టింది గాని ఆ చప్పట్లకు చప్పుడు లేదు.

మర్నాడూ ముసలమ్మ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. ఆమె మెచ్చుకున్నకొద్దీ కుముదినికి మరింత ఆడాలనిపించేది. నాట్యంలో చేతి వెంటే ఉండాల్సిన చూపు ముసలమ్మ మొహం మీదే ఉండిపోయేది. రోజురోజుకూ ఆ మొహం మీద ముడతలు తగ్గుతున్నాయి. ఏడోనాడు చూసేసరికి అది అచ్చం కుముదిని మొహమే.

కుముదిని భయంతో వెనక్కి అడుగు వేసింది. పాదం నేలకు తగిలింది గాని చప్పుడు కాలేదు. గట్టిగా తట్టింది. గజ్జెలు కదిలాయి, అవీ మోగలేదు.

"నా అడుగులు ఏం చేశావు?" అంది.

"నాకోసం ఆడావు కదమ్మా," అంది ముసలమ్మ నెమ్మదిగా. "నాకోసం ఆడిందంతా నాదే కదా."

కుముదిని గడియ తీసి మాస్టారి దగ్గరికి పరుగెత్తింది. ఆమె వచ్చి వెనక నిలబడినా ఆయనకు అలికిడి తెలియలేదు. ఏడుస్తూ జరిగిందంతా చెప్పింది, చాప సంగతి కూడా దాచలేదు.

"ఇన్నాళ్లూ గజ్జెలు వినపడేవి గాని నేల పలికేది కాదమ్మా," అన్నారు మాస్టారు. "నీ అంతట నువ్వే చెబుతావని ఊరుకున్నాను. అది నా తప్పు. పోయింది తిరిగి రాదు. మొదటి అడుగు నుంచి మళ్లీ సంపాదించుకో. ఆమె వైపు మాత్రం చూడకు."

ఆ దసరాకు రంగప్రవేశం జరగలేదు. పిలిచినవాళ్లందరికీ కుముదినే ఇంటింటికీ వెళ్లి, రావద్దని చెప్పింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అయినా మర్నాడు తెల్లవారకముందే గదిలోకి వెళ్లింది. నేలకు దణ్ణం పెట్టి, ఊపిరి నిలుపుకుని, చేతిని చూస్తూ, చిన్నపిల్లలు నేర్చే మొదటి అడుగు వేసింది. చప్పుడు లేదు.

అలా పదకొండు నెలలు గడిచాయి. మూల నుంచి ముసలమ్మ పొగిడేది, తిట్టేది. ఒకసారి కుముదిని తల్లి గొంతుతో, "ఇటు చూడవే, నేను అమ్మని," అని బతిమాలింది. కుముదిని తల అటు తిప్పబోయింది. అయినా చూపు చేతిని వదలలేదు. ఎప్పుడు మొదలైందో ఆమెకే తెలియదు గాని, తాను ఎవరికీ కనపడని ఆ గంట ఆమెకు ఇష్టమవసాగింది.

ఒక ఉదయం పాదం కింద నేల పలికింది. కుముదిని ఆగలేదు. రెండో అడుగు వేసింది.

ఆ ఏడు దసరాకు రంగప్రవేశం జరిగింది. మండపం నిండా జనం. మూడో వరుసలో ఎవరో తన మొహంతోనే కూర్చుని, రెప్ప వెయ్యకుండా తనను చూస్తున్నారని కుముదినికి తెలుసు. ఆమె నేలకు దణ్ణం పెట్టి, ఊపిరి నిలుపుకుని, తన చేతిని చూస్తూ, గదిలో ఒంటరిగా ఉన్నట్టే ఆడింది. ప్రతి అడుగూ మండపం చివరిదాకా వినిపించింది.

నీతి: ఒకరి మెప్పు కోసం చేసింది వాళ్లతోనే పోతుంది. ఎవరూ చూడకపోయినా రోజూ చేసే సాధనే మనకు మిగులుతుంది.