నూకాలు మంగళవారం

అనగా అనగా, కొండకీ కోనకీ ఇంకా సరిహద్దులు పాతని రోజుల్లో, ఒక ఊళ్లో విస్తళ్లు కుట్టుకుని బతికే నూకాలు అనే ముసలిది ఉండేది. మీలో పిరికివాళ్లెవరైనా ఉంటే కాస్త దగ్గరికి జరగండి. ఈ కథ మీదే.

నూకాలుకి ఉరుమంటే భయం. బల్లంటే భయం. సంతలో గట్టిగా మాట్లాడే మనిషంటే మరీ భయం. వీటన్నిటినీ మించి కొండమీది పులిబండంటే భయం. ఆ బండ దగ్గర పులి తిరుగుతుందని ఊరందరికీ తెలుసు. అందుకే ఆవిడ అడివి అంచునే అడ్డాకులు కోసుకుని, వెదురు పుల్లలతో కుట్టి, బుధవారం సంతలో ధాన్యానికి మార్చుకునేది. ఒక్క పొట్టకి అంచునున్న ఆకులే చాలు కదా.

ఆ ఊళ్లో ఒక పంతులుగారి బడి ఉండేది. ఉన్నవాళ్ల పిల్లలు బియ్యం మూటలతో వచ్చి చేరేవారు. లేనివాళ్ల పిల్లలు వారాలు చేసుకునేవారు. వారాలంటే మీకేం తెలుసులెండి! వారానికి ఏడు రోజులు, ఊళ్లో ఏడిళ్లు. రోజుకొక ఇంట్లో భోజనం. అలా తిని చదువుకునేవారు.

ఒకనాడు గొర్రెలు కాసేవాడి కూతురు, పైడి అనే పిల్ల, మూడు రోజులు నడిచి ఆ బడికి వచ్చింది. ఆ రోజుల్లో ఆడపిల్లకి చదువేమిటని నన్నడక్కండి, పంతులుగారే అడగలేదు. ఆయన మూడు ప్రశ్నలు వేశాడు. పిల్ల మూడూ చెప్పి, నాలుగోది తిరిగి ఆయన్నే అడిగింది. పంతులుగారు మురిసిపోయాడు.

"చదువు నేను ఊరికే చెబుతానమ్మా. తిండి మాత్రం ఊరు పెట్టాలి. ఏడిళ్లు కుదుర్చుకుని రా. ఏ రోజైనా ఒక ఇంటి తలుపు మూసి కనబడిందా, నీ చదువు అక్కడితో సరి. పిల్లని పస్తుంచి పాఠం చెప్పిన పాపం నాకొద్దు" అన్నాడు.

ఆరిళ్లు ఆరు రోజులకి ఒప్పుకున్నాయి. మంగళవారానికి మాత్రం ఒక్కరూ లేరు. మంగళవారం నాడు ఇంట్లో మెతుకు పరాయి చేతిలో పడితే దానివెంటే లక్ష్మీదేవి వెళ్లిపోతుందని ఆ ఊరి నమ్మకం. నూనెగానుగ ఇంటివాళ్లు కాదన్నారు. సాలెవాళ్లు కాదన్నారు. ఊరిపెద్ద ఇంట్లో అయితే ఆ మాటెత్తినందుకే తిట్టారు. పిల్ల ఊరి చివరికొచ్చి, నూకాలు పాక ముందు కూలబడి ఏడ్చింది.

నూకాలు తడక వెనకనుంచి తొంగిచూసింది. ఏడ్చే పిల్లన్నా ఆవిడకి భయమే.

"ఏటయ్యింది గుంటా?"

పిల్ల చెప్పింది. నూకాలు తడక తీసుకుని బయటికొచ్చింది.

"మంగళారం నాది. నా కొంపలో లచ్చిందేవి ఏనాడుందని ఎలిపోడానికి?" అంది. అనేశాక కొండవైపు చూసింది. రెండో పొట్టకి ఆకులు పులిబండ దగ్గర తప్ప ఇంకెక్కడా లేవు మరి.

బుధవారం సంతకి విస్తళ్లు పచ్చగా ఉండాలంటే మంగళవారం పొద్దున్నే ఆకు కొయ్యాలి. ఆ మంగళవారం నూకాలు ముందు అన్నం వండింది. చారు కాచింది. గుమ్మం లోపల విస్తరి వేసి, గాలికి ఎగరకుండా దానిమీద రాయి పెట్టింది. కుండమీద మూత పెట్టింది. తడక బార్లా తీసింది. అప్పుడు కొండెక్కింది.

బండ పక్కన మట్టిలో పులి అడుగులు కనబడ్డాయి. ఒక్కొక్కటీ ఆవిడ అరచెయ్యంత ఉంది. దండకమేదీ రాదు, మంత్రమేదీ రాదు. చేతికందిన ఆకులు కోసుకుని పరిగెత్తుకొచ్చింది. అప్పటికి పైడి విస్తరి ముందు కూర్చుని, ఎక్కం అప్పజెప్పుకుంటూ తింటోంది. "ఏడొకట్ల ఏడు, ఏడు రెళ్లు పద్నాలుగు, ఏడు మూళ్లు ఇరవై ఒకటి..." ఆ మాటలు వింటుంటే నూకాలు దడ తగ్గింది. ఆ మూడు మెట్లూ ఆవిడకి నోటికొచ్చేశాయి. నాలుగోది ఎంత విన్నా పట్టుబడలేదు.

అలా ప్రతి మంగళవారం వండింది. విస్తరి వేసింది. తడక తీసింది. కొండెక్కింది.

రెండో సంవత్సరంలో ఒకనాడు పొదలో గుర్రుమని వినబడింది. నూకాలు కదల్లేదు. ఏడొకట్ల ఏడు, ఏడు రెళ్లు పద్నాలుగు, ఏడు మూళ్లు ఇరవై ఒకటి. నాలుగోది రాక మళ్లీ మొదలుపెట్టింది. అలా అనుకుంటూనే వెనక్కి వెనక్కి నడిచి కొండ దిగింది. ఇంటికొచ్చాక కూడా మూలకి ముడుచుకుని కూర్చుని అదే అంటూ ఉంది.

పైడి అది చూసింది. "మామ్మా, తిరిగొచ్చేక వండొచ్చు కదా? తడకైనా మూసుకోవు, కుక్కలు దూరవా?"

"నాను రాకపోతేనో? తడక మూసుంటే నీ సదువు పోద్ది."

"అంత భయమైతే మానెయ్యి మామ్మా."

"బయ్యమేనే గుంటా. శానా బయ్యం. అందుకే వండేసి బయపడతన్నాను" అంది నూకాలు.

మూడో సంవత్సరం వచ్చింది. ఇంకొక్క నెలలో పైడి చదువు ముగుస్తుంది. ఆ మంగళవారం నూకాలు బండ ఎక్కి ఆకుల కట్ట కట్టింది. తల ఎత్తేసరికి దారికి అడ్డంగా పులి కూర్చుని ఉంది. దాని కళ్లు ఆవిడ మీదే ఉన్నాయి. ఎటూ దారి లేదు. నూకాలు ఒక్కసారి ఊరివైపు చూసింది. పొద్దు నడినెత్తికి వస్తోంది. పిల్ల ఈపాటికి వస్తూ ఉంటుంది. అన్నం ఉంది. విస్తరి ఉంది. తడక తీసే ఉంది. ఏడొకట్ల ఏడు అంది నూకాలు.

కింద పాకలో పైడి వచ్చి కూర్చుంది. అన్నం ఇంకా వెచ్చగానే ఉంది. తిన్నది. ఎక్కం చెప్పింది. మళ్లీ చెప్పింది. నూకాలు రాలేదు. పిల్ల వీధిలోకొచ్చి కేక పెట్టింది, నూకాలు వండేసి భయపడే సంగతంతా చెప్పింది. ఊరు డప్పులు పట్టుకుని కొండెక్కింది. బండమీద ఆకుల కట్ట దొరికింది, ముడి కూడా ఊడలేదు. నూకాలు దొరకలేదు.

వారం గడిచి మళ్లీ మంగళవారం వచ్చింది. ఏడో ఇల్లు లేదు, చదువూ లేదు. పంతులుగారు అరుగుమీద తలొంచుకు కూర్చున్నాడు, తాను పెట్టిన కట్టుబాటు తానే తెంచుకోలేక. పైడి తన మూట కట్టుకుంది. మూయని తలుపు ఇంకొకటి ఈ ఊళ్లో లేదనుకుంటూ, ఎటూ చూడకుండా వీధి వెంబడి నడిచింది.

ఎందుకో తలెత్తింది. గానుగ ఇంటి తలుపు తీసి ఉంది. గుమ్మం లోపల విస్తరి, దానిమీద రాయి. సాలెవాళ్ల తలుపూ తీసే ఉంది. అక్కడా విస్తరి, రాయి. వీధి పొడుగునా ఒక్క తలుపూ మూసి లేదు. ఊరిపెద్ద భార్య గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి గజగజ వణుకుతోంది. మంగళవారం పూట ఆవిడ ఇంట్లో మెతుకు బయటికెళ్లడం అదే మొదలు.

"నాకూ బయ్యమేనే గుంటా. రా, తిను" అంది.

ఆ ఊరి లక్ష్మీదేవి వెళ్లిపోయిందో లేదో నాకు తెలీదు. పైడి మాత్రం చదువు పూర్తిచేసి, ఆ బడిలోనే కూర్చుని నలభై ఏళ్లు పాఠం చెప్పిందట. ఇప్పటికీ ఆ వైపు ఊళ్లలో మంగళవారం మధ్యాహ్నం తలుపులు మూయరు. గుమ్మం లోపల విస్తరి వేసి రాయి పెడతారు. చదువుకునే పిల్ల ఎవరొచ్చి కూర్చున్నా, ఎవరి పిల్లవని అడగరు. ఆకులకి పులిబండ ఎక్కే ఆడవాళ్లు ఏడో ఎక్కం మూడు మెట్లు పైకి చదివి ఆగుతారు. వెనకున్న వాళ్లెవరో ఇరవై ఎనిమిది అని అందిస్తారు, నూకాలుకి వినబడేలా. ఇంక ఎవరైనా మంచిపనికి వెనకాడి, భయంగా ఉందంటే, అక్కడి పెద్దవాళ్లు ధైర్యం చెప్పరు.

"భయపడు. వండేసి భయపడు" అంటారు.