మోకుతల్లి మెరక

గవ్వలపాలెం రేవుకు పడమరగా, ఉప్పుటేరు దాటగానే కనిపించే ఎత్తైన నేలను మోకుతల్లి మెరక అంటారు. మోకు అంటే పడవలను కట్టే లావుపాటి తాడు. గర్భాలయంలోని అమ్మవారు మూరెడు ఎత్తు నల్లరాతి మూర్తి. ఆమె చేతిలో కత్తి గాని శూలం గాని లేవు. రెండు చేతులా మోకు పట్టుకొని, పాదాలు నేలలో గట్టిగా ఊని నిలిచి ఉంటుంది.

పూర్వం ఇక్కడ గుడి లేదు. మొగలి పొదలు, నాలుగు తాడిచెట్లు మాత్రమే ఉండేవి. రేవు పక్కన ఒక తాటాకుల బడి ఉండేది. అందులో పేరయ్య పంతులు ముప్పైఇద్దరు పిల్లలకు చదువు చెప్పేవారు. బడి ఊడ్చి నీళ్లు తెచ్చే నూకాలు ఆయనకు తోడు. ఒకనాడు తెల్లవారుజామున పంతులుగారి కలలో తడిచీర కట్టిన ముత్తైదువ కనిపించి, "పిల్లలకు అక్షరం నేర్పావు. సముద్రం పైకొస్తే ఎటు పోవాలో నేర్పావా?" అని అడిగి మాయమైంది.

ఆ వారం నుంచే పంతులుగారు ప్రతి శుక్రవారం పిల్లల చేత మోకు పట్టించి, బారుగా మెరకకు నడిపించసాగారు. ముందు తాను, వెనుక నూకాలు. ఊరు నవ్వింది. మైలపల్లి ఎర్రయ్య అనే జాలరి బడికే వచ్చి, "సదువు సెప్పమంటే పిల్లల్ని దిబ్బలెక్కిస్తన్నారేటండీ!" అని గద్దించాడు. పంతులుగారు సిగ్గుపడి మానుకున్నారు.

మరుసటి శుక్రవారం నూకాలు మోకు భుజాన వేసుకొని గుమ్మంలో నిలబడింది. "అయ్యగోరూ, తల్లి మీకు సెప్పింది. మీరు మానేస్తే నాకు సెప్పినట్టే" అన్నది. పంతులుగారు లేచి ముందు నడిచారు.

ఆ కార్తికంలో ఒక మధ్యాహ్నం గాలి ఉన్నట్టుండి తిరిగింది. నూకాలు సముద్రం వైపు చూసి, "ఉప్పెనండీ, బయలెల్లండి!" అని కేక వేసింది. పిల్లలు ఏడవలేదు, చెదరలేదు. అలవాటైన వరుసలో మోకు పట్టుకున్నారు. తీరా ఏటి దగ్గరకు వస్తే తాటిదుంగల వంతెన కొట్టుకుపోయింది.

నూకాలు మోకు కొస నడుముకు చుట్టుకొని ఈది, అవతలి తాడిచెట్టుకు కట్టింది. ఇవతలి కొసను పంతులుగారు మరో చెట్టుకు బిగించారు. ఆయనకు ఈత రాదు. అయినా గుండెలోతు నీటిలో ఏటి నడుమ నిలబడి ముప్పైఇద్దరినీ ఒక్కొక్కరిగా దాటించారు. వానలో దారి కనబడని ఊరివాళ్లు కూడా ఆ మోకు పట్టుకునే ఒడ్డెక్కారు. అందరి కంటె చివర ఎర్రయ్య ముసలితల్లిని వీపున మోసుకొచ్చాడు.

"పంతులుగోరూ, నా కూతురండీ?"

"సీతాలు పైన ఉంది. తాడు వదలకు."

వారు మెరక ఎక్కిన కాసేపటికే సముద్రం ఊరి మీద పడింది. ఇళ్లు పోయాయి. ప్రాణం ఒక్కటీ పోలేదు.

మూడోనాడు నీరు తీసింది. మెరక వైపు మోకు కట్టిన తాడిచెట్టు మొదలు దగ్గర ఇసుక కోసుకుపోయి, అమ్మవారి మూర్తి బయటపడి ఉంది. తొలిపూజ చేయమని ఎర్రయ్య పంతులుగారి కాళ్ల మీద పడ్డాడు. ఆయన హారతి పళ్లెం తీసి నూకాలు చేతికిచ్చారు.

నేటికీ ఆశ్వయుజంలో, తుపానుల కాలానికి ముందు వచ్చే మొదటి శుక్రవారం గవ్వలపాలెం బడి పిల్లలు మోకు పట్టుకొని మెరకకు వస్తారు. ప్రధానోపాధ్యాయులు ముందు, బడి ఆయా వెనుక నడుస్తారు. వంటమనుషులు బియ్యం, మంచినీళ్లు, మందులు తెచ్చి గుడి కొట్టులో భద్రపరుస్తారు. తొలిహారతి ఆయాదే. ఆ మోకు పట్టుకున్న బిడ్డకు జలగండం ఉండదని భక్తుల నమ్మకం.

వరుసలో కడపటి మనిషి మెట్లెక్కే వరకు ఇక్కడ హారతి వెలిగించరు. ముందుగా చేరిన భక్తులు వెనక్కి తిరిగి, రావలసిన వారికి చేయి అందించవలసిందిగా ప్రార్థన.