ఇరమయ్య నోరు విప్పిన రోజు

మల్లవరం రాజు భూపతిదేవుడికి ఒకనాడు నిండు కొలువులో పంతం పుట్టింది. తన వెనక ఈటె పట్టుకుని నిలబడే ఇరమయ్య చేత ఎలాగైనా మాట్లాడించాలని.

ఇరమయ్య కొండ గూడెం నుంచి వచ్చిన వీరుడు. వేటలో రాజు మీదికి దూకిన అడవిపందిని ఒక్క పోటుతో పడగొట్టాడు. రాజు ముచ్చటపడి అతన్ని వెంట తెచ్చుకుని అంగరక్షకుణ్ణి చేశాడు. ఆరు నెలలైంది, ఒక్క మాట లేదు. బాగున్నావా అంటే తలూపుతాడు. పట్టుశాలువా కప్పితే మడిచి పక్కన పెడతాడు. అందరూ నవ్వుతుంటే దూలాల మీద పావురాలకేసి చూస్తుంటాడు.

అదంతా ఉత్త పొగరన్నాడు విశ్వపతి శాస్త్రి. కొత్తగా వచ్చినవాళ్ళకు కొలువు మర్యాదలు నేర్పేది ఆయనే.

రాజు మనసు చివుక్కుమంది. ప్రాణం కాపాడినవాడికి తానంటే ఇష్టం లేదేమోనని ఆయన దిగులు. శుక్రవారంలోగా నోరు విప్పకపోతే కొండకు పంపేస్తానన్నాడు. మాట్లాడించినవాళ్ళకు తన మెడలోని ముత్యాల హారం ఇస్తానన్నాడు.

శాస్త్రి ఆ పూటే ఇరమయ్య శౌర్యం మీద పన్నెండు పద్యాలు అల్లి రాగం తీసి చదివాడు. మూడో పద్యానికి ఇరమయ్య ఆవులించాడు.

రాజుకు తాంబూలం అందించే పేరిందేవి మాత్రం అతన్ని కొలువు బయట కనిపెట్టి చూసింది. ఏనుగుల సాలలో ముసలి ఏనుగు చెవిలో ఏవేవో కబుర్లు చెబుతున్నాడు. వంటసాల అవ్వకు తేనెపట్టు తెచ్చిచ్చి, నువ్వు తిన్నావా లేదా అని గదమాయిస్తున్నాడు.

తేనె ఎక్కడ తెచ్చారండీ అని పేరిందేవి పలకరించింది. ఇరమయ్య మూతి బిగించేశాడు. ఆమె కాసేపు ఆలోచించి, "అన్నా, నువ్వు నాకూ కాస్త పెట్టవా?" అంది.

సగం పట్టు విరిచి ఆమె చేతిలో పెట్టాడు. సంగతీ చెప్పాడు. వాళ్ళ గూడెంలో చిన్నా పెద్దా అందరూ నువ్వే. మీరు అనే మాట అతని నోట పలకదు. రాజును నువ్వు అన్నవాడి నాలుక కోస్తారని మొదటి రోజే శాస్త్రి బెదిరించాడట. ఎందుకొచ్చిన గొడవని కొలువువాళ్ళెవరితోనూ మాట్లాడటం మానేశాడు.

శుక్రవారం కొలువు తీరింది. పేరిందేవి రాజుకు తాంబూలం అందించి, అది నమిలేంతసేపు ఎవరైనా ప్రభువును నువ్వు అని పిలవవచ్చని సెలవివ్వమంది.

కొలువులో కలకలం రేగింది. అపచారమంటూ శాస్త్రి లేచి నిలబడ్డాడు.

"శాస్త్రిగారూ, పొద్దున్నే పూజలో స్వామికి ఏమని మొక్కుకుంటారు?" అని పేరిందేవి అడిగింది.

"స్వామీ, నువ్వే దిక్కు, నన్ను కాపాడు అంటాను. అందరూ అనేదే కదా," అన్నాడు శాస్త్రి.

పేరిందేవి రాజు వైపు తిరిగింది.

"దేవుణ్ణి రోజూ నువ్వు అంటున్నా శాస్త్రిగారి నాలుక భద్రంగానే ఉంది. మా ప్రభువులు దేవుడికంటే కోపిష్టివారా?"

రాజు నవ్వాపుకుంటూ తాంబూలం నోట్లో పెట్టుకుని, సెలవిచ్చానన్నట్టు చెయ్యి ఊపాడు.

ఇరమయ్య ఈటె గోడకు ఆనించి, ముందుకొచ్చి, రాజు ఎదురుగా నిలబడ్డాడు. ఆరు నెలల మాట కదా, గొంతు సవరించుకున్నాడు.

"నువ్వు మంచోడివి. నువ్వంటే నాకు ఇష్టం. కానీ వేటకొచ్చినప్పుడు నువ్వు పాట పాడకు. అది విని జింకలన్నీ పక్క కొండకు పారిపోతున్నాయి."

రాజు తాంబూలం నమలడం ఆపి, మరి ఆ అడవిపంది తన మీదికే వచ్చిందేమని అడిగాడు.

"దానికి చెవుడు," అన్నాడు ఇరమయ్య.

రాజుకు పొలమారింది. దగ్గుతూ, నవ్వుతూ, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ ముత్యాల హారం తీసి పేరిందేవి చేతిలో పెట్టాడు. కొలువంతా ఘొల్లుమంది. శాస్త్రి కూడా ఉత్తరీయం అడ్డం పెట్టుకుని నవ్వాడు.