చేతి పటం

కృష్ణానది ఒడ్డున, కొండ మీది ఆరామంలో రాహిలుడనే యువభిక్షువు వైద్యం నేర్చుకుంటూ ఉండేవాడు. ఒంట్లో ఏ నాడి ఎక్కడ పుట్టి ఎక్కడికి పోతుందో అతనికి కొట్టిన పిండి. నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెప్పేవాడు. అడక్కపోయినా చెప్పేవాడు, అదొక్కటే ఇబ్బంది.

వైద్యశాల గోడకు పాతబడిన గుడ్డపటం ఒకటి వేలాడుతూ ఉండేది. అందులో ఒక చెయ్యి. స్పర్శను తెలిపే నాడులు ఏది ఎంతవరకూ పోతుందో రెండు రంగుల్లో చూపించారు. మోచేతి వెనక నుంచి దిగే నాడికి నీలం. చిటికెనవేలూ, ఉంగరపువేల్లో సగమూ దానివి. మిగతా వేళ్ళు ముంజేతి నడుమ నుంచి వచ్చే నాడివి, వాటికి ఎరుపు. రెండు రంగులూ ఉంగరపువేలి మధ్యలో గీత గీసినట్టు విడిపోయేవి. ఆ గీతంటే రాహిలుడికి ప్రాణం. అన్నదమ్ములు కూడా ఇంత చక్కగా పంచుకోరని మురిసిపోయేవాడు.

ఒకనాడు విధికుడనే శిల్పి వచ్చాడు. స్తూపానికి రాతిపలకలు చెక్కే మనిషి. పలక ఒకటి జారి మోచేతికి తగిలింది. అప్పటి నుంచి వేళ్ళు మొద్దుబారిపోయాయి.

"ఏ వేళ్ళు?" అని అడిగాడు రాహిలుడు.

"చిటికెనవేలు, ఉంగరపువేలు, మధ్యవేల్లో ఇటు పక్క కూడా సామీ. ఉలి పట్టుకుంటే పట్టుకున్నట్టే తెలీటం లేదు."

"మధ్యవేలు కాదులే."

"మధ్యవేలే సామీ."

"దెబ్బ తగిలిన నాడి అక్కడిదాకా పోదయ్యా. ఉంగరపువేల్లో సగం దగ్గరే ఆగిపోతుంది. కావాలంటే పటం చూడు."

విధికుడు పటం చూశాడు. తన వేలి వంకా చూసుకున్నాడు. "ఏమో సామీ. నాకైతే తెలీటం లేదు" అన్నాడు.

రాహిలుడు అతని కళ్ళకు గంతలు కట్టి ముల్లుతో గుచ్చి చూశాడు. మధ్యవేలి పక్కన గుచ్చినా విధికుడు ఉలకలేదు, పలకలేదు. ఇంకొకరైతే ఆలోచనలో పడేవారు. రాహిలుడికి మాత్రం కోపం వచ్చింది. పని ఎగ్గొట్టడానికి పళ్ళ బిగువున ఓర్చుకుంటున్నాడనుకున్నాడు. పనిపెద్దను పిలిచి ఆ మాటే చెప్పాడు. పనిపెద్ద అసలే ముక్కోపి. "రేపు పొద్దున్నే ఉలీ సుత్తీ లాక్కుని కొండ దింపేస్తాను" అన్నాడు.

విధికుడు వైద్యశాల మెట్ల మీద కూలబడ్డాడు. బుద్ధి తెలిసినప్పటి నుంచీ రాయి తప్ప మరో పని ఎరగడు పాపం.

అతణ్ణి దాటుకుంటూ వెళ్తుంటే రాహిలుడికి ఎక్కడో చివుక్కుమంది. తను చేసింది సరైనదేనని ఎవరైనా అంటే బాగుండుననిపించింది. తిన్నగా గురువు ధర్మనంది దగ్గరికి వెళ్ళి జరిగిందంతా చెప్పాడు.

ముసలి గురువు దీపాలకు వత్తులు చేసుకుంటున్నాడు. అంతా విన్నాడు. "ఈ రాతి అరుగు అంచుకి మోచేతులు రెండూ ఆనించి కూర్చో నాయనా. నేను చెప్పేదాకా కదలకు" అన్నాడు.

రాహిలుడు కూర్చున్నాడు. రాయి మోచేతుల్లోకి ఒత్తుకుంది. కాసేపటికి చిటికెనవేళ్ళలో చీమలు పాకినట్టయింది. ఇంకాసేపటికి ఆ చీమలు కూడా తెలియకుండా పోయాయి.

"కళ్ళు మూసుకో. కుడిచెయ్యి ఇలా ఇవ్వు. తెలిసినప్పుడు చెప్పు."

గురువు వత్తి ఒకటి తీసుకుని చిటికెనవేలి నుంచి మెల్లగా రాస్తూ వచ్చాడు. ఉంగరపువేలి మధ్యకు రాగానే రాహిలుడు "తెలిసింది" అన్నాడు. గురువు అక్కడ జేగురుతో గీత గీశాడు. కళ్ళు తెరిచి చూస్తే గీత సరిగ్గా పటంలో ఉన్నచోటే ఉంది. రాహిలుడికి ఏనుగెక్కినంత సంబరమైంది.

"చూశారా ఆచార్యా!"

"చూశాను. ఎడమచెయ్యి ఇవ్వు."

రాహిలుడు మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. వత్తి తగలడం కోసం ఎదురు చూశాడు. చాలాసేపు చూశాడు. బయట ఉలుల చప్పుడు వినిపిస్తోంది. గురువు ఏ ధ్యానంలోకో జారుకున్నాడేమోనని అనుమానం వచ్చింది.

"ఆచార్యా, మొదలుపెట్టండి."

"కళ్ళు తెరువు."

తెరిచాడు. వత్తి అతని మధ్యవేలి మీద ఉంది. విధికుడు చూపించిన పక్కనే. గురువు దాన్ని పైకీ కిందికీ రాస్తున్నాడు. దూది చర్మాన్ని తాకడం కళ్ళకు కనిపిస్తోంది. వేలికి మాత్రం ఏమీ తెలియడం లేదు.

రాహిలుడి ఒళ్ళు జలదరించింది. పుట్టినప్పటి నుంచీ తనతోనే ఉన్న చెయ్యి. ఈ చేత్తోనే భిక్షాపాత్ర పట్టుకున్నాడు. ఎందరివో మణికట్లు తడిమాడు. దీని లోపలి దారి ఇదని ఇన్నాళ్ళూ తెలియదు. కుడిచేతినీ ఎడమచేతినీ పక్కపక్కన పెట్టుకుని కొత్తవాళ్ళను చూసినట్టు చూశాడు. ఒకే తల్లి కడుపులో, ఒకే ఒంటికి మొలిచిన రెండు చేతులు. వీటికే పొత్తు కుదరలేదు. మరి ఈ కొండ మీద ఎన్ని చేతులున్నాయి! కొండ దిగితే ఇంకెన్ని! ఆ ఆలోచన ఎక్కడా ఆగకుండా పోతూంటే అతనికి గుండె నిండిపోయి, ఏడుపొచ్చినంత పనైంది. తెలియకుండానే రెండు చేతులూ జోడించాడు. ఎవరికి దణ్ణం పెడుతున్నాడో అతనికే తెలియదు.

కాసేపటికి గోడ మీది పటం గుర్తొచ్చింది. "అయితే ఆచార్యా, ఆ పటం గీసినాయన తప్పు గీశాడా?"

"లేదు. చూసింది చూసినట్టే గీశాను."

"మీరా!"

"నీ అంత వయసులో. అది నా ఎడమచెయ్యి" అన్నాడు ధర్మనంది, ఇంకో వత్తి చేసుకుంటూ. "కుడిచేత్తో కుంచె పట్టుకున్నాను కదా. ఇక దాన్నేం చూస్తాను?"

రాహిలుడు జేగురు ముద్ద తీసుకుని లేచాడు. చేతుల్లో తిమ్మిరి ఇంకా వదల్లేదు. వాకిట్లో పనిపెద్ద ఎదురైతే, "అతనిది అబద్ధం కాదు, పొరపాటు నాది" అని అందరూ వినేలా చెప్పాడు. తర్వాత మెట్లు దిగి, విధికుడి కన్నా ఒక మెట్టు కింద కూర్చుని, ఆ కాయలు కాసిన చేతిని తన ఒళ్ళోకి తీసుకున్నాడు.

"చెప్పవయ్యా" అన్నాడు. "ఎక్కడిదాకా?"